నేను కనిపెట్టిన నెలవంక

మా ఇబ్రహీంపట్నంలో రంజాన్ చంద్రుణ్ణి అందరికంటే ముందు చూసిన మనిషిని నేనే. ఎంత ముందంటే, ఆ చంద్రుడు రావడానికి ఒక రోజు ముందు. దానివల్ల నా కొడుకు పెళ్ళి కుదరడానికని వండిన మటన్ బడిపిల్లల కడుపుల్లోకి ఎలా పోయిందో, కాబోయే వియ్యపురాలి ముందు నా పరువు సాంబారులో సొరకాయ ముక్కలాగా ఎలా తేలిందో చెబుతాను, వినండి. నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే పక్కన కూచుని రాస్తున్న మనిషి మొదటి మాటకే నవ్వుతోంది. నవ్వనీయండి. ఆమె ఎవరో చివరికి మీకే తెలుస్తుంది.

నేను సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. మా ఆయన చనిపోయిన ఏడు పట్టుకున్న గరిటె, ఇంకా దించలేదు. ఆ పనివల్ల నాకు రెండు జబ్బులు పట్టుకున్నాయి. మొదటిది, నా చేతికి బడి కొలత తప్ప ఇంకో కొలత తెలియదు. ఇంట్లో ఉండేది నేనూ, నా కొడుకు శ్రీశైలమూ. అయినా నేను ఉప్మా చేస్తే గల్లీ మొత్తం తినాలి. చాయ్ పెడితే తాగడానికి చుట్టాలను వెతికి పట్టుకురావాలి. రెండోది నా గొంతు. పొయ్యి పొగకూ, పిల్లల మీద అరిచిన అరుపులకూ అది రేకు మీద రాయి గీసినట్టు తయారైంది. బడి గంట పగిలిపోయినప్పుడు కొత్తది వచ్చేదాకా హెడ్మాస్టరు సారు నన్నే గేటు దగ్గర నిలబెట్టి పిల్లలను పిలిపించారంటే, ఇక మీరే అర్థం చేసుకోండి.

సెలవు అనగానే పిల్లలు గంతులేస్తారు, సరే. తల్లుల ముఖాలు ఎప్పుడైనా చూశారా? మా గల్లీలో ఆడవాళ్ళు పొద్దున్నే లేచి కూలికో, ఇండ్లలో పనికో, కంపెనీ బస్సెక్కడానికో పరిగెడతారు. బడి ఉంటే పిల్లలకు నీడ ఉంటుంది, మధ్యాహ్నం నా అన్నం ఉంటుంది. బడి లేకపోతే వాళ్ళను ఎక్కడ పెట్టాలి, వాళ్ళకు ఏం పెట్టాలి? అందుకే దసరా సెలవులు ఇంకో వారం పెంచారని టీవీలో చెప్పిన రోజు పిల్లలు రేకు డబ్బాలు కొడుతూ ఊరేగితే, తల్లులు నెత్తి కొట్టుకున్నారు. ఇక చుట్టరికాల సంగతి అడగకండి. మొక్కులైనా, పుట్టువెంట్రుకలైనా, పెళ్ళిమాటలైనా బడి లేని రోజు చూసుకునే పెట్టుకోవాలి. మనుషులు ఒకచోట కలవాలంటే ముందు సారు గేటుకు తాళం వేయాలి.

నాకు క్యాలెండరు చదవడం రాదనుకోకండి. నల్ల అంకె అంటే వంట. ఎర్ర అంకె అంటే సెలవు. ఇంత సులువైన విద్య కోసం జనం అన్నేళ్ళు బడికెందుకు పోతారో అనుకునేదాన్ని.

ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులు అవి. మా శ్రీశైలానికి మీర్‌పేట్ నుంచి ఒక సంబంధం వచ్చింది. తెచ్చింది మా ఆడబిడ్డ సత్తెమ్మ. పిల్ల పేరు స్వప్న. పిల్లా, పిల్లగాడూ ఒకరినొకరు చూసుకున్నారు, నచ్చుకున్నారు. మావాడు ఊళ్ళో ఏసీలు బాగుచేస్తాడు గానీ, ఆ పిల్లను చూసి వచ్చినప్పటినుంచి వాణ్ణి చల్లబరిచే మెకానిక్కు దొరకలేదు. ఇక మిగిలింది ఒక్కటే. పిల్ల తల్లి విజయ మా ఇల్లు చూసి, మా ఇంట్లో ఒక పూట తిని, సరే అనాలి. ఆమె సర్కారు బడిలో టీచరు. చిక్కంతా అక్కడే.

సత్తెమ్మ ఫోన్ చేసింది. “వదినా, ఆమె ఊకె బడి ఎగ్గొట్టే మనిషి కాదు. సెలవు నాడే వస్తనన్నది. ఇంతకుముందు ఒక సంబంధం ఎందుకు వద్దన్నదో ఎర్కేనా? వాళ్ళు యాళ్లకు అన్నం పెట్టలేదని. నువ్వు జర పద్ధతిగ ఉండాలె.”

“నాకు పద్ధతి చెప్తున్నవా సత్తెమ్మ? బడి మొత్తానికి యాళ్లకు అన్నం పెట్టేదాన్ని.”

“మరి ఏ దినం రమ్మని చెప్పమంటవ్?”

గోడ వైపు చూశాను. గురువారం అంకె దానిమ్మ గింజలాగా మెరుస్తోంది. “గురువారం రమ్మను. రంజాన్. బడి లేదు.”

“చంద్రుడు కనబడాలె కద వదినా.”

“క్యాలెండర్ అచ్చేసినోళ్ళు చంద్రుణ్ణి అడగకుంటనే ఎర్ర రంగు పూసిన్రా?”

సత్తెమ్మ సరేనని ఫోన్ పెట్టేసింది. ఆమె నా మాటకు సరే అన్నప్పుడు నాకు కలిగే సంతోషం ముందు ఏ పండుగా సరిపోదు.

బుధవారం బడి వదిలాక హెడ్మాస్టరు సారు కూడా చెప్పారు. “మణెమ్మా, ఇయ్యాల చంద్రుడు కనబడితే రేపు సెలవు. లేకుంటే బడి ఉంటది. పొద్దున్నే ఫోన్ చేస్త, ఎత్తు.” అలాగే సారు అన్నాను. నా చెవులు విన్నాయి గానీ, నా మనసు అప్పటికే మటన్ కొట్టు దగ్గర నిలబడి ఉంది.

పొద్దు గూకింది. ఎండబెట్టిన మిరపకాయలు తీయడానికి మిద్దె మీదికి ఎక్కాను. పక్క మిద్దె మీద మా ఖాజాబీ నిలబడి పడమటి వైపు చూస్తోంది. మా ఇద్దరి మిద్దెలకూ మధ్య ఒక్క పిట్టగోడే అడ్డం. మా ఇంట్లో ఉప్పు అయిపోతే నాకంటే ముందు ఆమెకే తెలుస్తుంది.

“కనబడుతలేదు మణెమ్మా. మబ్బు పట్టింది,” అంది. “కిందికి పోయి నమాజ్ చేసుకొస్త. ఏదన్న కబురు వస్తదేమో చూద్దాం.”

ఆమె దిగిపోయింది. నా గుండె కూడా ఆమె వెనకే దిగిపోయింది. మటన్ చెప్పి పెట్టాను, గోడలకు సున్నం వేయించాను, దివాన్ మీదికి కొత్త దుప్పటి తెచ్చాను. ఇంత చేశాక చంద్రుడు రాకపోవడమేమిటి? అప్పటికి నా కుడికంట్లో పొర ఉంది, ఎడమకంట్లో ఆశ ఉంది. ఆ రెండు కళ్ళతో సాగర్ రోడ్డు వైపు, కొత్తగా లేచిన రెండు బిల్డింగుల సందులోకి చూశాను. కనబడ్డాడు. సన్నగా, వంకరగా, తోమిన కొడవలిలాగా తళతళమంటున్నాడు.

మంచి మనిషైతే అప్పుడు ఇంకొకరిని పిలిచి చూపిస్తుంది. నేను పిట్టగోడ పట్టుకుని, బడి గంటకు బదులు పనిచేసిన గొంతుతో మొత్తం గల్లీకి చెప్పాను.

“చంద్రుడు వచ్చిండు. రేపు బడి లేదు.”

పిల్లలు ఈల వేశారు. ఎదురింటి రేణుక చేతిలో చీపురుతో బయటికి వచ్చింది. “ఎవరు చెప్పిన్రు అవ్వా?”

“చెప్పుడేంది, నా కండ్లతోటి చూసిన.”

“నాకు రేపు పని ఉన్నది. వీళ్ళను ఎవరి మీద వదిలిపోవాలె? ఇంకో దినం ఆగి చూస్తే నీ సొమ్మేం పోతుండె?”

నాతోపాటు బడిలో వండే లక్ష్మమ్మ ఫోన్ చేసింది. “అక్కా, హయత్‌నగర్ మా అన్నోళ్ళింటికి పోదామనుకుంటున్న. పోవాల్నా, వద్దా?”

“బేఫికర్ పో. చంద్రునికి నాది పూచీ,” అన్నాను. ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది.

సందడికి ఖాజాబీ మళ్ళీ పైకి వచ్చింది. “ఎక్కడ మణెమ్మా, చూపించు.” నేను వేలు చాపాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఊరంతా చీకటి. చంద్రుడూ లేడు.

“ఇప్పుడే మబ్బుల దాచుకున్నడు,” అన్నాను.

“కరెంటు పోతే చంద్రుడు ఇంకా మంచిగ కనబడాలె కద?”

“సిగ్గుపడ్డడేమో. నువ్వు అట్ల గుచ్చి చూస్తే ఎవరైన దాచుకుంటరు.”

“నువ్వొక్కదానివి చూస్తే నడవదు మణెమ్మా. పెద్దలు చెప్పాలె,” అని ఆమె నవ్వుకుంటూ దిగిపోయింది. నన్ను చూసి కుళ్ళుకుంటోంది అనుకున్నాను. ఆమె పండుగ చంద్రుణ్ణి ఆమెకంటే ముందు నేను చూస్తే కుళ్ళు రాదా మరి?

గురువారం తెల్లవారింది. దేవుడు నన్ను కాపాడాలని ఎన్ని విధాల ప్రయత్నించాడో చూడండి. మొదట ఖాజాబీని పంపాడు. “మణెమ్మా, నేను ఇయ్యాల ఉపాసమున్న,” అంది గోడ మీదినుంచి. “పండుగ నాడు గూడ ఉపాసమా? నీకు భక్తి ఎక్కువైంది,” అన్నాను. తరువాత బడి గంట మోగించాడు. సెలవని పిల్లలు గేటు దూకి ఆడుకుంటున్నారు అనుకున్నాను. చివరికి విసిగిపోయి హెడ్మాస్టరు సారు చేతనే ఫోన్ చేయించాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. పండుగ నాడు కూడా ఈ మనిషి గిన్నెలు లెక్కపెట్టమంటాడని ఫోన్ తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాను. ఇక దేవుడైనా ఏం చేస్తాడు?

శ్రీశైలం కొత్త చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని, చుట్టాలకు దారి చూపిస్తానని మీర్‌పేట్‌కు బండి తీశాడు. వచ్చేది ఆరేడుగురు. నేను వండింది మాత్రం నా చేతి కొలత. బగార అన్నం పెద్ద గిన్నెడు. మటన్ కూర ఇంకో గిన్నెడు. బకెట్టెడు పచ్చిపులుసు. సేమ్యా పాయసం. ఇంత ఎందుకని చేతిని అడిగితే, అది నా మాట వినే వయసు దాటిపోయింది.

వంట దించేసరికి బండి చప్పుడైంది. ఎదురెళ్ళాను. శ్రీశైలం ఒక్కడే దిగాడు. ముఖం గ్యాస్ అయిపోయిన ఏసీలాగా ఉంది.

“చుట్టాలేరి బిడ్డా?”

“వాళ్ళింటికి తాళం ఉన్నది. టీచరమ్మ బడికి పోయింది.”

“పండుగ నాడు బడేంది?”

“పండుగ రేపమ్మా. చంద్రుడు రాలేదు. సత్తెమ్మత్త నీకు పొద్దటిసంది ఫోన్ చేస్తున్నదట. ఫోన్ ఏది?”

నేను బియ్యం డబ్బా వైపు చూశాను. సమాధానం చెప్పేలోపే గల్లీ మలుపులో గలగల చప్పుడు. చేతిలో ప్లేట్లు కొట్టుకుంటూ బడి మొత్తం వరసగా మా ఇంటివైపే నడిచి వస్తోంది. ముందు హెడ్మాస్టరు సారు, చెమటలు తుడుచుకుంటూ, ఓడిపోయిన సైన్యానికి రాజులాగా.

“మణెమ్మా, ఫోన్ ఎందుకు ఎత్తలే?”

“పండుగ నాడు పని చెప్తరనుకున్న సారు.”

“పండుగ రేపు.”

“క్యాలెండర్ల ఎర్రగున్నది సారు.”

“ఎర్రగున్నది క్యాలెండరే మణెమ్మా. ఆకాశం కాదు.” ఆయన గొంతు తగ్గించారు. “లక్ష్మమ్మను పిలుద్దామంటే హయత్‌నగర్ల ఉన్నది. పిల్లలను ఇండ్లకు పంపుదామంటే తల్లులంత పనికి పోయిన్రు, తాళాలున్నయి. ఏదన్న చెయ్యి.”

అంతలో గాలి తిరిగింది. మసాలా వాసన గుమ్మం దాటి పిల్లల మీదుగా పోయింది. గలగల ఆగిపోయింది. ముందు నిలబడ్డ చిన్నపిల్ల ముక్కు పైకెత్తి అడిగింది. “అవ్వా, ఇయ్యాల ఏం కూర?”

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ గిన్నె మీద మూత పెట్టి దాని మీద కూచుందామా అనిపించింది. అది నా కొడుకు పెళ్ళి. రేపు టీచరమ్మ వస్తే ఏం పెట్టాలి? వేళకు అన్నం పెట్టలేదని ఒక సంబంధం వదిలేసిన మనిషి. కానీ వేళ దాటిపోతున్నది ఇక్కడే, నా గుమ్మంలోనే. పైగా వాళ్ళను ఎండలో నిలబెట్టింది ఎవరు? నా నోరు.

“కూసోండ్రి,” అన్నాను.

కూచున్నారు. కానీ బడి అన్నానికి ఒక కట్టుబాటు ఉంది. ముందు ఒక టీచరు రుచి చూసి బాగుందంటేనే పిల్లలకు పెట్టాలి. సారు గిన్నె వైపు చూసి రెండడుగులు వెనక్కి వేశారు. “ఇయ్యాల గురువారం. నేను నీసు ముట్ట.”

పిట్టగోడ మీదినుంచి చూస్తున్న ఖాజాబీని పిలిచాను. “నేను ఉపాసమున్న అని పొద్దున్నే చెప్పిన కద. భక్తి ఎక్కువైందన్నవ్,” అంది, నవ్వు కొంగులో దాచుకుంటూ.

చివరికి సారు శ్రీశైలం చేతిలో గరిటె పెట్టారు. కొత్త చొక్కా, సెంటు వాసన, కళ్ళల్లో నీళ్ళు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

“ఎట్లున్నది?” అన్నారు సారు.

“మస్తున్నది సారు. గిది నా పెండ్లి కూర.”

“బాగున్నదంట, పెట్టు మణెమ్మా,” అన్నారు సారు, రెండో మాట విననట్టు.

పిల్లలు తిన్నారు. మటన్ తినని పిల్లలు పచ్చిపులుసు బకెట్టును ఖాళీ చేశారు. పాయసం గిన్నెను గోకిన చప్పుడు చెరువు కట్ట దాకా వినిపించి ఉంటుంది. పోయేటప్పుడు ఆ చిన్నపిల్ల మూతి తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. “అవ్వా, నువ్వు రోజు చంద్రుణ్ణి చూడరాదే.”

సాయంత్రం ఖాజాబీ నన్ను చేయి పట్టి మిద్దె ఎక్కించింది. “అగో, చూడు,” అంది. ఆకాశం కడిగినట్టుంది. పైన, వెంట్రుకంత సన్నగా, అసలైన నెలవంక. దాని కింద, బిల్డింగుల సందులో, నిన్నటి నా చంద్రుడు. నిన్నటికంటే లావుగా, నిన్నటికంటే తెల్లగా. కాస్త పరికించి చూస్తే దాని తోకకు ఒక వైరు వేలాడుతోంది.

“మణెమ్మా, పైనది అల్లా పెట్టిండు. కిందది సాగర్ రోడ్డు మీద హలీం బట్టీవాడు పెట్టిండు. లైటు. కరెంటుతోటి ఎలుగుతది.”

ఆమె పిట్టగోడ పట్టుకుని కూలబడి నవ్వింది. నేనూ నవ్వుదామనుకున్నాను గానీ, రేపటి వంట గుర్తొచ్చింది. సత్తెమ్మ అప్పటికే చెప్పేసింది. “రేపు పగటాల్లకు టీచరమ్మ వస్తది. వదినె చేతి మటన్ తింటే మీరు మరిచిపోరని చెప్పిన. పరువు నిలబెట్టు.”

శుక్రవారం పండుగ. మాకు మటన్ కొట్టే అన్న కొత్త బట్టలేసుకుని ఈద్గాకు వెళ్ళిపోయాడు. కోళ్ళ దుకాణానికి కూడా షట్టరు దించి ఉంది. ఇంట్లో చూసుకుంటే ఏముంది? బడికని నేను తెచ్చి పెట్టి, గురువారం వండకుండా మిగిలిన సరుకు. కందిపప్పు, సొరకాయ, గుడ్లు. ఖాజాబీ పెద్ద గిన్నెతో వాళ్ళ పండుగ పాయసం షీర్ ఖుర్మా పంపింది. దాన్ని దేవుడి పటం పక్కన పెట్టి దండం పెట్టుకున్నాను.

విజయ టీచరమ్మ చెప్పిన వేళకు వచ్చింది, వెంట వాళ్ళ చుట్టాలూ, మా సత్తెమ్మా. నేను చెప్పిన వేళకు పెట్టాను. అన్నం, సొరకాయ సాంబారు, ఉడికిన గుడ్డు. ఆమె ప్లేటు వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్ళీ ప్లేటు వైపు చూసింది.

“వదినా, నేను బడిల రోజు ఇదే తింట. సెలవు నాడు గూడ ఇదేనా?”

సత్తెమ్మ కళ్ళతోనే నన్ను ఉడకబెట్టింది. “మటనేది వదినా?” అంది పళ్ళ మధ్యనుంచి.

“శుక్రవారం కద. మా ఇంట్ల నీసు వండం,” అన్నాను.

“మరి గుడ్డు?” అంది టీచరమ్మ.

“గుడ్డు... మా బడిల కూరగాయల లెక్కనే చూస్తం.”

శ్రీశైలం తల పూర్తిగా ప్లేటులోకి వంచేశాడు. టీచరమ్మ ఇంకేదో అడగబోయింది. అంతలో గల్లీలో గలగల. సెలవు నాడు, ఎవరూ పిలవకుండా, చేతుల్లో ప్లేట్లతో పిల్లలు మా గుమ్మం ముందు వరస కట్టారు. అందరికంటే ముందు ఆ చిన్నపిల్ల.

“అవ్వా, ఇయ్యాల గూడ మటనేనా?”

ఇక దాచడానికి ఏముంది? చెప్పాను. ఎర్ర అంకె, హలీం లైటు, కరెంటు పోవడం, బియ్యం డబ్బాలో ఫోన్, అన్నీ. చెబుతున్నంతసేపూ టీచరమ్మ ముఖం కదలలేదు. సంబంధం పోయిందనుకున్నాను. మావాడు అప్పుడే పోగొట్టుకున్నవాడిలాగా సాంబారు కలుపుతున్నాడు.

ఆమె ఒక్క ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆమె వెంట వచ్చినవాళ్ళు చేతులు ప్లేట్లలో పెట్టకుండా ఆగారు. ఆ ఇంట్లో కూడా అదే అలవాటు కాబోలు.

“వదినా, బడిల నా పని ఇదే. ముందు నేను రుచి చూడాలె, మంచిగుంటే పిల్లలను కూసోబెట్టాలె,” అంది. “ఉప్పు జర తక్కువైంది. అన్నం పలుకు లేదు. తప్పు ఎవరిదైన, పిల్లలకు యాళ్లకు అన్నమైతే పెట్టినవ్. మా పిల్లను ఇస్తం.”

శ్రీశైలం తల ఎత్తాడు. సత్తెమ్మ ఊపిరి తీసుకుంది.

“కాని ఒక్క మాట. లగ్గం ఎండకాలం సెలవులల్లనే పెట్టుకుందాం. ఆకాశం దిక్కు చూసి చెప్పే సెలవు నాకొద్దు. ఆకాశం దిక్కు చూసి నువ్వు చెప్పే సెలవైతే అసలే వద్దు.” అని, గుమ్మం వైపు తిరిగింది. “పిల్లలూ, లోపలికి రాండ్రి. మటన్ లేదు గని షీర్ ఖుర్మా ఉన్నది.” దేవుడి పటం పక్కన నేను దాచిన గిన్నెను ఆమె అప్పుడే చూసేసిందన్నమాట.

పెళ్ళి ఎండాకాలం సెలవుల్లోనే అయింది. వంట నేను చేస్తానన్నాను, ఎవరూ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ స్వప్నే, నా కోడలు. “అత్తా, సాంబారుల ఉప్పు తక్కువైన సంగతి గూడ రాయాల్నా?” అని అడుగుతోంది. రాయమన్నాను. వాళ్ళమ్మ చెప్పిన మాట నేనెలా దాస్తాను?

అందుకని మీ అందరి ముందూ, గరిటె పట్టుకుని, ఖాజాబీని సాక్షిగా పెట్టుకుని ఒట్టేస్తున్నాను. ఇకముందు క్యాలెండరు ఎంత ఎర్రగా మండినా నమ్మను. సారు ఫోన్ చేస్తే దాన్ని బియ్యం డబ్బాలో పెట్టను. ఆకాశంలో ఏ మూలనైనా వంకరగా ఏదైనా మెరిస్తే, ముందు మెట్లు దిగి సాగర్ రోడ్డు దాకా నడిచి వెళ్ళి, దాని కింద ఎవరైనా హలీం అమ్ముతున్నారేమో చూసి వచ్చాకే నోరు తెరుస్తాను.